మెత్తకు కట్టిన కట్టు

దయ్యాల వార్తలు రాసి జీతం తీసుకున్నవాణ్ణి నేను. నమ్మి కాదు. ముప్పై ఏళ్ళకు పైగా వరంగల్‌లో విలేకరిగా పనిచేశాను. ఫలానా ఊళ్ళో ఇళ్ళ మీద రాళ్ళు పడుతున్నాయనో, ఫలానా గదిలో గజ్జెల చప్పుడు వినిపిస్తోందనో ఫోన్ వస్తే బండి తీసుకుని పోయేవాణ్ణి. పోయిన ప్రతిచోటా కారణం దొరికింది. ఒకచోట రేకుల సందున గాలి. ఇంకోచోట ఆ ఇంటిని చౌకగా కొట్టేయాలని చూస్తున్న పక్కింటివాడు. దయ్యం మాత్రం ఎక్కడా దొరకలేదు.

అందుకే ఇప్పుడు చెప్పబోయేదాన్ని చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

మా చెల్లెలి కూతురు మౌనిక బీఎస్సీ నర్సింగ్ చదివింది. వాళ్ళది కొత్తవాడ. మా బావ సదానందం జంపఖానాలు నేస్తాడు. ముందుగదిలో సగం మగ్గమే ఉంటుంది. ఆ మగ్గం పక్కనే కూర్చుని చదివి పాసైన పిల్ల.

చదువు పూర్తయి, రిజిస్ట్రేషన్ చేతికొచ్చి పది నెలలైనా ఉద్యోగం రాలేదు. హనుమకొండలో, వరంగల్‌లో తను మెట్లెక్కని ఆసుపత్రి దాదాపు లేదు. అన్నిచోట్లా మొదటి ప్రశ్న ఒకటే: ఎక్స్‌పీరియన్స్ ఎంత? లేదనగానే ఫైలు మూసి చేతికిచ్చేవాళ్ళు. ఒకచోట ఆరు నెలలు జీతం లేకుండా చేయమన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ళ బీరువాలోనే పెట్టాలట. సర్కారు నోటిఫికేషన్ ఇవాళ, రేపు అంటూ వాయిదా పడుతోంది. తనతో చదివిన వాళ్ళలో ఒకమ్మాయి మందుల షాపులో కూర్చుంది. ఇంకొకమ్మాయి హైదరాబాద్‌లో ఎవరింట్లోనో మంచం పట్టిన ముసలావిడను చూసుకుంటోంది.

నేను పనిచేసే రోజుల్లో ఇలాంటి పిల్లల గురించి వార్తలు రాశాను. రాసిన మర్నాడే మర్చిపోయాను. ఈసారి పిల్ల మా ఇంటిది కాబట్టి మర్చిపోవడం కుదరలేదు.

మా బావ కఠినుడు కాదు, విసిగిపోయాడు. వరంగల్ చౌరస్తాలో ఒక బట్టల దుకాణంలో మాట్లాడి వచ్చాడు. పది రోజుల తర్వాత వచ్చే సోమవారం నుంచి చీరల కౌంటర్‌లో నిలబడాలి. ఆ మాట విన్న రోజు మౌనిక అన్నం సరిగా తినలేదని మా చెల్లెలు ఫోన్ చేసింది. నేను వెళ్ళి, తాత్కాలికమే కదా అని సర్దిచెప్పబోయాను. పిల్ల నా వైపు చూడకుండా అంది: “చీరలు మడతవెట్టుడు మొదలైతే ఇగ సూదికి నరం దొరకది మామా. చెయ్యి మర్చిపోతది.”

ఆ భయంతోనే రోజూ మధ్యాహ్నం ఇంట్లో సాధన చేసేది. దిండుకు కట్లు కట్టేది. దిండును మేము మెత్త అంటాం. ఆ మెత్తకు ఒక మూల చెయ్యి, ఇంకో మూల భుజం అనుకుని, పాత తెల్లగుడ్డను మూడు మూలలుగా మడిచి చెయ్యిని మెడకు వేలాడదీసే కట్టు కట్టేది. కట్టేటప్పుడు రోగితో మాట్లాడినట్టే మాట్లాడేది.

ఇక్కడ ముడి సంగతి ఒకటి చెప్పాలి. ఆ కట్టుకు నర్సింగ్ కాలేజీలో నేర్పేది చదునుగా పడుకునే ముడి. మెడ దగ్గర ఒత్తుకోదు, విప్పడం తేలిక. మౌనిక చెయ్యి మాత్రం అలా వెళ్ళదు. చిన్నప్పటినుంచి మగ్గం మీద తెగిన పోగులను అతికింది కదా, ఆ మగ్గం ముడే పడుతుంది. ఒక కొసను మడిచి, రెండోది దాని వెనకనుంచి చుట్టి దూర్చే చిన్న ముడి. ఇందుకు ప్రాక్టికల్ పరీక్షలో మార్కులు కూడా పోయాయి. “నువ్వు మనిషికి కట్టు కడుతున్నవా, పోగు అతుకుతున్నవా” అని మేడం క్లాసులో అందరి ముందూ అన్నదట.

ఆ వారం శనివారం మధ్యాహ్నం మూడు గంటలప్పుడు నేను కొత్తవాడలోనే ఉన్నాను. టైము ఎందుకు గుర్తుందంటే, మా బావ మగ్గం ఆపి టీ తాగేది ఆ వేళకే. మౌనిక మెత్తకు కట్టు కడుతూ మధ్యలో ఆగిపోయింది. మెత్త కొసను వేళ్ళతో నొక్కింది. వదిలింది. మళ్ళీ నొక్కి లోపల్లోపల లెక్కపెట్టింది. మొహం మారిపోయింది.

“వేళ్ళు సల్లగైనయి తాతా. జర ఓపిక పట్టు, డాక్టర్‌ను పిలుస్త” అంది.

నాకు నవ్వొచ్చింది. మెత్తకు వేళ్ళెక్కడివి బిడ్డా అన్నాను. తను నవ్వలేదు. కట్టు విప్పి, మెత్త మూలను కొంచెం పైకి లేపి మళ్ళీ కట్టింది. కాసేపు గుమ్మం వైపు చూసి, ఎవరో వచ్చారన్నట్టు పక్కకు జరిగింది. పాపం, ఎంతగా మునిగిపోయింది అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

తర్వాతి గురువారం హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇంటర్వ్యూ ఉందని తెలిసింది. బట్టల దుకాణానికి ముందు అదే ఆఖరిది. నా స్కూటర్ మీద తీసుకెళ్ళాను. పదిన్నరకు లోపలికి పిలిచారు. అయిదు నిమిషాలకే బయటికొచ్చింది. చేతిలో ఫైలు పట్టుకున్న తీరు చూస్తేనే అర్థమైంది. నర్సింగ్ సూపరింటెండెంట్ మంచిగానే మాట్లాడిందట. కానీ ఫ్రెషర్లు వద్దన్నదట.

వరండా దాటుతుంటే ఒక ముసలామె ఎదురొచ్చి మౌనిక చెయ్యి పట్టుకుంది.

“ఏం బిడ్డా, చెప్పకుంటనే పోయినవ్. ఇంటికి పోయేటప్పుడు నీకోసం ఎంత దేవులాడిన్నో.”

పక్కన బెంచీ మీద ఆమె భర్త. పిండికట్టు వేసిన చెయ్యి మెడకు వేలాడుతోంది. డోర్నకల్ దగ్గరి పల్లె వాళ్ళది. ముసలాయన ట్రాక్టర్ మీదినుంచి పడితే, పోయిన వారం మంగళవారం ఇక్కడ చేర్చారు. ఆదివారం పంపించారు. ఇప్పుడు మళ్ళీ చూపించుకోవడానికి పొద్దుటి రైలుకు వచ్చారు.

మౌనిక నేను కాదమ్మా అంది. ఈ దవాఖానకు రావడం ఇదే మొదటిసారి అంది.

ముసలామె వినలేదు. ఆ అయిదు రోజులూ మధ్యాహ్నం పూట వచ్చింది ఈ పిల్లేనని నాకు చెప్పడం మొదలుపెట్టింది. మూతికి మాస్కు ఉంటే ఏమైందట, గొంతు ఎక్కడికి పోతుందట. తండ్రి జంపఖానాలు నేస్తాడని కూడా చెప్పిందట. శనివారం తనకు ఒక్కపొద్దు. బయటికి పోయి రెండు అరటిపండ్లు తిని వచ్చేసరికి ఈ పిల్ల ముసలాయన వేళ్ళు నొక్కి చూస్తోందట.

“వేళ్ళు సల్లగైనయి తాతా, జర ఓపిక పట్టు అన్నది. డాక్టర్ ఉరికొచ్చి పిండికట్టు కోసి వదులు చేసిండు. జర ఆలస్యమైతే చెయ్యే పోవునట.”

ఆ మాట నేను విన్నాను. కొత్తవాడలో, మా బావ టీ తాగుతుండగా, ఒక మెత్తతో అన్న మాట.

మౌనిక ముసలాయన మెడ దగ్గరి ముడిని వేళ్ళతో తడిమింది. నేనూ వంగి చూశాను. మగ్గం ముడి. విప్పడం ఎలాగో తెలియక, నాలుగు రోజులుగా కట్టును తల మీదినుంచి తీసి మళ్ళీ అలాగే వేస్తున్నామని ముసలామె చెప్పింది.

ఈ మాటలు విని సూపరింటెండెంట్ గదిలోంచి బయటికొచ్చింది. విషయం అడిగి, వార్డు నుంచి రిపోర్టు పుస్తకం తెప్పించింది. శనివారం మధ్యాహ్నం పేజీలో ఆ మంచం నంబరు ఎదుట రాసి ఉంది: వేళ్ళు చల్లగా ఉన్నాయి, డ్యూటీ డాక్టర్‌కు తెలియజేయడమైనది. సంతకం గడి మాత్రం ఖాళీ. ఆ పూట ఇద్దరే సిస్టర్లు. నువ్వు రాశావనుకున్నానంటే నువ్వు రాశావనుకున్నానని ఒకరినొకరు చూసుకున్నారు. మాస్కు పెట్టుకున్న ఎవరో సిస్టర్ పిలిచిందని, హడావిడిలో మొహం చూడలేదని డాక్టర్ చెప్పాడు.

సూపరింటెండెంట్ మౌనికను నేరుగా అడిగింది. “ఇంతకుముందు ఇక్కడ డ్యూటీ చేసినవా?”

సిగ్గుపడుతూనే రాస్తున్నాను. ఊరుకో బిడ్డా అని నా మనసులో అనిపించింది. పది నెలలుగా అందరూ అడుగుతున్న ఎక్స్‌పీరియన్స్‌కు సాక్షులు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. అవును అంటే చాలు.

“లేదు మేడం. నేను ఎన్నడు చేయలే” అంది మౌనిక.

సూపరింటెండెంట్ రిపోర్టు పుస్తకం మూసింది. తర్వాత ముసలాయన కట్టు మార్చమంది. గుడ్డ తెప్పించి ఇచ్చింది. మౌనిక పాత ముడిని ఒక్క పట్టున విప్పింది. ముందు ముసలాయన వేళ్ళు నొక్కి, రక్తం తిరిగి వస్తోందో లేదో చూసింది. ఆ తర్వాతే కట్టింది. అలవాటు కొద్దీ మళ్ళీ మగ్గం ముడే పడింది. నాలుక కరుచుకుని నా వైపు చూసింది.

“సోమవారం రా. ముడి మేము నేర్పుతం” అంది సూపరింటెండెంట్.

తర్వాత నా అలవాటు కొద్దీ ఆరా తీశాను. అక్కడ పనిచేసే సిస్టర్లలో కొత్తవాడ అమ్మాయి ఎవరూ లేదు. మగ్గం ఇంటి పిల్ల కూడా లేదు. మౌనిక ఆ అయిదు రోజులూ గడప దాటలేదని మా చెల్లెలు, బావ ఇద్దరూ చెప్పారు. శనివారం సంగతికి నేనే సాక్షిని. రెండు వైపులా నిజం ఉన్న వార్తను ఎలా రాయాలో నాకు ఎవరూ నేర్పలేదు.

మౌనిక ఇప్పుడు అక్కడే పనిచేస్తోంది. చదును ముడి నేర్చుకుంది. ఇంట్లో మెత్తకు కట్లు కట్టడం మానేసింది. ఎందుకని నేను అడగలేదు.

ఈ సంగతి తను ఒక్కసారే ఎత్తింది. మొదటి జీతం వచ్చిన రోజు మిఠాయి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, నవ్వుతూ అడిగింది: “మామా, ఆ అయిదు దినాలు ఎక్స్‌పీరియన్స్ కింద రాసుకోవచ్చా?”

నేనూ నవ్వాను. డబ్బా తెరిచి మొదటి మిఠాయి తన చేతిలోనే పెట్టాను.