గ్లాసులతో పాటు తోమేసిన మౌత్‌పీస్

అమెరికాలో ఎడిసన్ అనే ఊళ్ళో నా మనవరాలు ట్రంపెట్ వాయిస్తుంది. నెల జీతం వచ్చే ఉద్యోగం కాదు. చర్చీల వాళ్ళో ఆర్కెస్ట్రాల వాళ్ళో పిలిస్తే వెళ్తుంది, మిగతా రోజుల్లో పిల్లలకి పాఠాలు చెప్తుంది. ఒక్కసారి మాట తప్పితే మళ్ళీ పిలవరట.

ఈస్టర్ నాడు అది చర్చికి వెళ్ళిన కాసేపటికే ఫోన్ చేసింది.

"నానమ్మా, నా మౌత్‌పీస్ కేస్‌లో లేదు. నువ్వు చూశావా?"

మౌత్‌పీస్ అంటే పెదవులకి ఆనించి ఊదే వెండి రంగు ముక్క. ఎంగిలి వస్తువు అన్నాలు తినే బల్ల మీద ఏమిటని పొద్దున్నే తీసి, గ్లాసులతో పాటు తోమేశాను. కరెంటు దండగని నేను డిష్‌వాషర్ వెయ్యను.

"తోమి గ్లాసుల పక్కన బోర్లించానే" అన్నాను.

"అయ్యో నానమ్మా! అది లేకుండా ప్లే చెయ్యలేను. ఫార్టీ మినిట్స్‌లో స్టార్ట్!"

కోడలు కారు తీసింది.

"ఇకమీదట దాని వస్తువులు ముట్టుకోకండి అత్తయ్యా."

"ముందు రోడ్డు చూసి నడుపు" అని కసిరాను. కానీ పిల్ల నోటి దగ్గర కూడు నేనే లాగేశాననిపించింది.

చర్చి మెట్ల మీదే అది మౌత్‌పీస్ అందుకుని లోపలికి పరుగెత్తింది. మేము వెనక బెంచీలో కూలబడ్డాం. కాసేపటికి ట్రంపెట్ లేచింది. ఎక్కడా తొట్రుపాటు లేదు. "హమ్మయ్య" అని పైకే అనేశాను. ముందు బెంచీలో దొరసాని వెనక్కి తిరిగి నవ్వింది.