ఇంటర్‌కూలర్‌కు కట్టిన బెల్టు

ఆ రోజుల్లో నాందేడ్ మొత్తం మీద నా అంత సన్నని మనిషి లేడు. దేగ్లూర్ నాకాలో గాలి వీస్తే మా షెడ్డు రేకుల కంటే ముందు నేను ఊగేవాణ్ణి. నా ప్యాంట్లు నా నడుము మీద కాక దేవుడి దయ మీద నిలిచేవి. దేవుడికి సాయంగా వజీరాబాద్ బజారులో కొన్న తోలు బెల్టు ఒకటి ఉండేది. (ఇవాళ నన్ను చూసినవాళ్లు ఇదంతా నమ్మరు, నమ్మనక్కర్లేదు.) కానీ నా పెళ్లి ఒక పూటంతా ఆ బెల్టుకు వేలాడిన మాట మాత్రం నిజం.

అప్పుడు నేను మా ఉస్తాద్ దగ్గర డీజిల్ బండ్లు బాగుచేసేవాణ్ణి. ఉమ్రి నుంచి ఒక పత్తి రైతు తన పికప్ తోలుకుని వచ్చాడు. ఆయన కూతురికి నా సంబంధం ఎవరో చెప్పారట. జాతకం అడగలేదు, కులదైవం అడగలేదు, షెడ్డు ముందు నిలబడే పరీక్ష పెట్టేశాడు. "బస్తాలు ఏస్తె బండి గుంజుతలేదు పిల్లగా. నల్లపొగ, మీదికెల్లి ఈల. నీకంటె ముందు సంబంధానికొచ్చిన మెకానిక్కులల్ల ఒకడు ఇంజన్ ఇప్పాలన్నడు, ఇంకొకడు టర్బో మార్చాలన్నడు. ఇద్దర్నీ ఎల్లగొట్టిన. నువ్వేమంటవో చూస్త."

ఈల అనగానే నా అనుమానం ఇంటర్‌కూలర్ మీదికి పోయింది. టర్బో తోసే వేడిగాలిని చల్లబరిచి ఇంజనుకు పంపే జాలీ పెట్టె అది. దానికి చిల్లు పడితే బండికి ఊపిరి చాలదు. దాని రెండు మూతులూ మూసి, గాలి కొట్టి, నీళ్లలో ముంచితే బుడగ వచ్చిన చోటే చిల్లు. మా పంచర్ల తొట్టిలో అది పట్టదు కాబట్టి, వెనకింటి పాలాయన బర్రెలు నీళ్లు తాగే హౌదుకు మోసుకుపోయాం.

ఒక మూతికి చెక్క బిరడా కొట్టి, రెండోదానికి గాలి పైపు తగిలించాను. "హవా ఆహిస్తా మార్ రే, జ్యాదా నక్కో!" అని ఉస్తాద్ అరుస్తూనే ఉన్నాడు. కాబోయే మామ చూస్తుంటే గాలి మెల్లగా ఎవడు కొడతాడు? బిరడా ఫిరంగి గుండులా లేచి గోదావరి దాటిపోయింది. (సరే, బర్రె కొమ్ము దాటి పేడకుప్పలో పడింది.) హౌదులో నీళ్లు సగం మామ తెల్లధోవతి మీదికి వచ్చాయి.

"కాయ్ కేలంస్ రే! మాఝీ మ్హైస్!" అని పాలాయన, నేనేదో తన బర్రెనే పేల్చేసినట్టు, గుండె బాదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

మామ ధోవతి పిండుకుంటూ, "గీ సంబంధం గూడ పాయె," అన్నాడు.

ఉమ్రిలో ఆ పిల్లకు ఇంకెవడితోనో పెళ్లి బాజాలు మోగుతున్నట్టు నాకు వినిపించింది. పేడలోంచి బిరడా ఏరి తెచ్చి మళ్లీ కొట్టాను. ఎగరకుండా కడదామంటే తాడు పుటుక్కుమంది. ఇంకేం చేస్తాను, బెల్టు విప్పి బిరడా మీదుగా బిగించాను. ఒక చేత్తో ప్యాంటు, ఇంకో చేత్తో ఇంటర్‌కూలర్ పట్టుకుని హౌదు మీదికి వంగాను. ఈసారి గాలి ఉస్తాదే మెల్లగా కొట్టాడు. అందరం, బర్రెలతో సహా, ఊపిరి బిగబట్టాం.

జాలీకి పక్క డబ్బా అతికే అంచున ఆవగింజంత బుడగ లేచింది. వెనకే ఇంకొకటి. వెంటనే వేలు పెట్టకపోతే ఆ చోటు మళ్లీ దొరకదు. ఇంటర్‌కూలర్‌ను కదిలిస్తే అసలే దొరకదు. దేవుడిచ్చిన చేతులు రెండే.

ప్యాంటు వదిలేశాను. "అగో! గాడ!" అని అరుస్తూ బుడగ మీద వేలు పెట్టాను.

ప్యాంటు తొందరేమీ లేకుండా, పెద్దమనిషిలా దిగింది. దేగ్లూర్ నాకాలో హారన్లు ఆగిపోయాయి. బర్రె నెమరు ఆపేసింది. ఉస్తాద్ మేకుతో గీత గీసేదాకా నేను వేలు తియ్యలేదు.

మామ బుడగను చూశాడు, నా చారల చడ్డీని చూశాడు, మళ్లీ బుడగను చూశాడు. "పిల్లగాడు ప్యాంటు ఇడిశిండు గని బుడగను ఇడువలే. గీనికే ఇస్త నా బిడ్డను."

అతుకు వేశాక ఆ పికప్ నిండా బస్తాలతో, పొగ లేకుండా ఉమ్రి చేరింది. నేను పీటల మీదికి చేరాను.

ఇప్పుడు మా షెడ్డులో చిల్లులు చూపించే మిషను ఉంది, ఎవరి ప్యాంటుకూ భయం లేదు. మా ఆవిడ ఆ రోజు అక్కడ లేదు కానీ ఈ కథ నాకంటే బాగా చెబుతుంది, చడ్డీ రంగు ఏటా మారుస్తూ. చివర్లో ఒకటే ప్రశ్న: "నిజం చెప్పయ్యా, గప్పుడు ఇడిశింది నా కోసమా, బుడగ కోసమా?" ఆ మాట రాగానే నేను పానా అందుకుని ఏదో ఒక బండి కిందికి దూరతాను.

బెల్టు షెడ్డులో మేకుకు వేలాడుతూనే ఉంది. మొన్న ఎవరూ లేనప్పుడు పెట్టుకుని చూశాను. బొడ్డుకు అటొకటి ఇటొకటి రెండు కొసలూ ఆగిపోయి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఇంత సన్నని కుర్రాడిలో అంత ధైర్యం ఎక్కడ పట్టిందో! నవ్వుకుని, దుమ్ము తుడిచి, మళ్లీ మేకుకే తగిలించాను.