కాలిపోయిన కొలువుకి నా ఏనుగు

అయినా ఆ పిల్ల మీద నేను జాలి పడలేదని ఎవరన్నారు? పడ్డాను. వాళ్ళు మా ముందుగదిలో పడుకున్న వారం రోజులూ పడ్డాను. నా మంచం ఇచ్చాను, నా స్కూలు బ్యాగు ఇచ్చాను. ఆ సంగతి మా కాలనీలో ఒక్కరికీ గుర్తులేదు.

అప్పుడు నాకు పదమూడేళ్ళు. దేశ రాజధానిలో, మునిర్కా దగ్గర గవర్నమెంటు క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మే నెల వడగాలికి వెనక గుట్టల మీద తుమ్మ తుప్పలన్నీ అంటుకుని, మంట చివరి వరస దాకా వచ్చేసింది. ఆ వరసలోనే ఆ పిల్ల వాళ్ళ ఇల్లు. పోయింది వాళ్ళ వెనక వరండా ఒక్కటే. మనుషులకేమీ కాలేదు. కానీ వాళ్ళ బొమ్మల కొలువు ట్రంకుపెట్టె ఆ వరండాలోనే ఉంది.

అక్కణ్ణించి అందరికీ ఆ పిల్లే. కాలనీ తెలుగువాళ్ళలో ఫోను ఉన్నది మాకొక్కళ్ళకే, నాన్న ఆఫీసువాళ్ళు పెట్టించింది. రిసీవరు ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. ఆ మంటల తర్వాత మోగితే ఊరి నుంచి వాళ్ళ అమ్మమ్మ, లేదా జనక్‌పురి నుంచి వాళ్ళ పిన్ని. "పాపం, పిల్ల ఎలా ఉందమ్మా?" నేనెలా ఉన్నానో అడిగినవాళ్ళు లేరు.

దసరాకి వాళ్ళ కొలువుకి తలా ఒక బొమ్మ ఇద్దామని ఆంటీలు అనుకున్నారు. ఎవరేమిస్తున్నారో ఎవరూ ఎవరినీ అడగలేదు. పై మెట్టు మీద రాజారాణి లేనిదే కొలువు కాదని, మా అమ్మతో సహా తొమ్మిది ఇళ్ళవాళ్ళూ తిరుపతి చెక్కబొమ్మల జంటే తెచ్చారు. తొమ్మిది జంటలు!

"కొలువా ఇది? సామూహిక వివాహాలు!" అని ఒక ఆంటీ అంటే అందరూ పడీపడీ నవ్వారు. మా అమ్మ నవ్వి ఊరుకోలేదు. ఇంటికొచ్చి మా కొండపల్లి అంబారీ ఏనుగుని పట్టుకెళ్ళి ఇచ్చేసింది. నా మొదటి కొలువుకి నాకని కొన్న ఏనుగు.

"నన్నడక్కుండా ఎలా ఇస్తావ్?"

"అడిగాను కదే! ఫోన్లో ఉన్నావు. ఏనుగు ఇచ్చెయ్యనా అంటే ఊఁ ఊఁ అన్నావు."

"అది నా ఫ్రెండుతో అన్న ఊఁ!"

"అయితే ఈసారి ఆ ఫోను పక్కన పెట్టి మాట్లాడు."

పేరంటం రోజు జనమంతా వాళ్ళింట్లోనే. మా ఇంటికొచ్చినవాళ్ళు నిలబడే శనగలు తీసుకుని అటే వెళ్ళిపోయారు. చివరికి నేనూ వెళ్ళాను. ఏనుగు నడిమెట్టు మీద ఉంది, మెడలో చేమంతి దండ. నేనెప్పుడూ దానికి దండ వెయ్యలేదు. ఒళ్ళు మండిపోయింది.

ఆ పిల్ల నా మొహం చూసి, "అరే, కావాలంటే తీస్కెళ్ళిపో యార్, నీదేగా," అంది.

"ఎంత మనసమ్మా దీనిది! అన్నీ కాలిపోయినా ఇచ్చేస్తానంటోంది," అన్నారు ఆంటీలు.

ఏనుగు పోయింది నాకు, మంచిపేరు ఆ పిల్లకి!

"ఠీక్ హై, ఇచ్చెయ్ అయితే," అన్నాను.

గుమ్మం దగ్గర మా అమ్మ "వద్దే" అన్నట్టు తలూపింది. ఆ పిల్ల దండ తీసి పక్కన పెట్టి, ఏనుగుని నా చేతుల్లో పెట్టింది. పట్టు మాత్రం వెంటనే వదల్లేదు. తీసుకునే వచ్చాను.

నేను కాలేజీకొచ్చేశాను, అమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. అది మర్యాదకి అన్న మాటట, నేనే వద్దనాలిట. ఇవ్వాలని లేనప్పుడు అంతమందిలో తీసుకెళ్ళమనడం దేనికి? తప్పు నాదేనంటారా, చెప్పండి?