పాల బకెట్ మీద శాలువ

కొండ ఎక్కి ఎక్కి అలిసిపోయి, హిమాచల్‌ల బర్లు మేపుకుంట తిరిగే ఒక గుజ్జర్ ముసలాయన గుడిసె ముంగట ఆగిన. ఆయన బర్రె పాలు పిండుతున్నడు. నేను కెమెరా ఎత్తంగనే బకెట్ మీద శాలువ కప్పిండు.

"వద్దు బేటా," అన్నడు. "పోయినేడు ఒకాయన గిట్లనే ఫోటోలు తీస్కపోయి, మేం అడివిని కబ్జా చేసినమని పేపర్ల ఏసిండు."

నాకు సిగ్గనిపించింది. కెమెరా సంచిల పెట్టిన. పట్నంల మా పాలోళ్ల బస్తీ గౌలిపురల మా నాయనమ్మ గూడ, పాలకు దిష్టి తగుల్తదని గట్లనే కొంగు కప్పేదని చెప్పిన. ఆయన నా దిక్కు చూసి, శాలువ తీసి, బకెట్ నా చేతికిచ్చిండు. మా బర్లను అమ్మి ఎన్నేండ్లయిందో, వేళ్లు మాత్రం పాలు పిండుడు మర్వలే.

నేను వాపసు వచ్చేసరికి మా గల్లీల ఎలక్షన్ లొల్లి. ఎవరి నోట విన్నా మనోళ్లు, వాళ్లు. కొండల ఫోటోలు చూస్కుంట మా అన్న అడిగిండు, "అంత దూరంల మనోళ్లు ఎవరన్న కలిసిండ్రా?"

"ఒకాయన కలిసిండు. ఆయన బర్రెను నాతోని పిండిపిచ్చిండు."

"పేరేంది?"

"రహీం."

మెడల పార్టీ కండువాతోని కూసున్న అన్న ఫోటోలు పక్కకు పెట్టిండు. తర్వాత మెల్లగ అడిగిండు, "పూటకెన్ని లీటర్లు ఇస్తదట?"