పగులు మీద గాజుపలక

ఆ రోజుల్లో నాకు అనుమానమే సగం జీతం. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరును కనుక, ఎదుటివాళ్లు నవ్వితే ఆ నవ్వు వెనుక ఏముందో తవ్వి చూసేదాన్ని. (ఈ విద్యను కళాశాలలో నేర్పరు, గుత్తేదార్లు తీరిగ్గా నేర్పుతారు.) అటువంటి నన్ను మైదుకూరు దగ్గర ఒక కాలువ మీదున్న పాత రాతి వంతెనను పరీక్షించి రమ్మని మా పెద్దసారు పంపారు. దాని కమానులో నిలువునా ఒక పగులు ఉంది. అది ఎప్పుడో ఏర్పడి ఆగిపోయినదైతే, సున్నపు గచ్చు నింపి వంతెనను ఇంకో తరం నిలబెట్టవచ్చు (సిమెంటు ఆ పాత రాయితో సర్దుకోదు). ఇంకా కదులుతూ ఉంటే మాత్రం రాకపోకలు ఆపి, కూల్చివేయవలసిందే.

అది తేల్చే పద్ధతి సులభం. పగులుకు అడ్డంగా పలుచని గాజుపలకను రెండు చివరలా గట్టిగా అతికించాలి. పగులు వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుంది. నేను ఆ పనిలో ఉండగా పక్క ఊరి రైతు ఒకాయన వచ్చి నిలబడ్డాడు. పసుపు తప్ప మరేదీ పండించడు కనుక ఆయనను అందరూ పసుపు తాత అనేవారు.

"ఏం చేస్తాండావమ్మా? ఈ అద్దం ఏంటికి?"

"ఇది విరిగితే వంతెన మూసేస్తాం తాతా."

"మూస్తే మా పసుపు మార్కెట్టుకు యాడ్నుంచి పోవల్ల?"

"చుట్టు తిరిగి పోవాలి."

"చుట్టు తిరిగితే బాడుగకే సరిపోతాది పసుపంతా," అంటూ ఆయన గాజు వంక అదోలా చూసి వెళ్లిపోయాడు.

పసుపు బస్తాలు మార్కెట్టుకు కదిలే కాలమది. అయినా గాజు చెక్కుచెదరలేదు. సంతోషించవలసింది పోయి నేను అనుమానించాను. ఎవరో గాజు మారుస్తున్నారనుకుని దాని మూలన నా గుర్తు గీశాను. ఆ గుర్తు అలాగే ఉంది. ఊరివాళ్లు మాత్రం నన్ను చూడగానే, "అద్దం బాగుండాదామ్మా?" అని ఆసుపత్రిలో ఉన్న బంధువును గురించి అడిగినట్టు అడిగేవారు. ఆ మర్యాద నాకు ఏమాత్రం నచ్చలేదు.

ఒక ఉదయం ఎవరికీ చెప్పకుండా వచ్చి తుమ్మచెట్ల చాటున కూర్చున్నాను. ట్రాక్టరు వచ్చి వంతెనకు ముందే ఆగింది. బస్తాలన్నీ కిందికి దిగాయి. మగవాళ్లు, ఆడవాళ్లు వాటిని నెత్తికెత్తుకుని అవతలికి మోశారు. ఖాళీ ట్రాక్టరు పెళ్లికూతుర్ని ఎక్కించుకున్నట్టు మెల్లగా వంతెన దాటింది. అవతల మళ్లీ బస్తాలు ఎక్కించారు.

చెట్ల చాటునుంచి లేచి వెళ్లాను. "తాతా, ఏమిటిది?"

"బ్రిడ్జికి పరీచ్చ పెట్టినావు గదమ్మా. పరీచ్చప్పుడు పిల్లోళ్లకు పని చెప్తామా?"

బరువు మోయని వంతెనకు పరీక్షే లేదని, నిండు బండి దాటితేనే నిజం తెలుస్తుందని చెప్పాను. ఎవరూ కదలలేదు.

"అద్దం పగలల్లనే నీ ప్లానంతా," అన్నాడు తాత.

"పగలదనే నా నమ్మకం!"

"అంత నమ్మకముంటే కింద నిలబడుకో."

(ఇంజనీరు వంతెన కింద నిలబడాలని ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు.) పౌరుషం కొద్దీ దిగి నిలబడ్డాను. నిండు ట్రాక్టరు పైకెక్కింది. కమాను గుర్రుమంది. తలమీద సున్నపు పొడి రాలింది. కళ్లు తెరిచేసరికి గాజు నిక్షేపంగా ఉంది. పక్కనే తాత, తలపై తువ్వాలు కప్పుకుని.

"నువ్వెందుకు దిగావు తాతా?"

"నువ్వు కండ్లు మూసుకుంటావని డౌటొచ్చింది. అద్దాన్ని ఎవురో ఒకరు చూడల్ల గదా."

ఆ రోజు దాటిన ప్రతి నిండు బండికీ ఇద్దరం కిందే నిలబడ్డాం. తాత నన్ను పోనివ్వలేదు. నేనూ ఆయన్ను పోనివ్వలేదు. ఆ తరువాత పగులులో సున్నపు గచ్చు నింపాం. పసుపు ఇప్పటికీ ఆ దారినే మార్కెట్టుకు పోతోంది. ఈ మధ్య పగుళ్ల కదలికలను పరికరాలు నేరుగా నా ఫోనుకే పంపుతున్నాయి; వంతెన కింద నిలబడమని నన్ను ఎవరూ అడగరు. అడిగితే నేను వెనుకాడుతూ ఉండగానే నాలోని ఆనాటి పొగరుబోతు పిల్ల ముందుగా దిగిపోతుందేమోనని అనిపించి, ఒంటరిగా నవ్వుకుంటాను.