పంతులమ్మ తాగని నీళ్ళు

ఈ వేసవిలో మా పక్కింటి పంతులమ్మ పోయింది. పరీక్షల రోజుల్లో, మధ్యాహ్నం పాఠం చెబుతూ పడిపోయిందని కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి బడి వరండాలో పడుకోబెట్టి ఉన్నారు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు. ఆస్పత్రికి చేర్చేలోగానే ప్రాణం పోయింది. వడదెబ్బ అన్నారు అందరూ. నేను ఆ మాట ఒప్పుకోను.

కడప దిక్కు నుంచి వచ్చింది. మా ఊరి బడిలో పాఠం చెప్పే ఒకే ఒక్క ఆడమనిషి ఆమె. సాయంత్రం వస్తూనే మా వాకిట్లో కూలబడి, చెంబెడు నీళ్ళు గుక్క తిప్పుకోకుండా తాగేది. పలకరింపులన్నీ ఆ తర్వాతే.

"ఒళ్ళు శానా తెలివైంది అక్కా" అనేది. "వేడెక్కితే చెమట పోస్తాది. చల్లబడినాక దానంతట అదే నిలిపేస్తాది. నీళ్ళు తక్కువైతే దప్పిక పుట్టిస్తాది, మూత్రం తగ్గించి ఉన్న నీళ్ళు దాచిపెట్టుకుంటాది. చాలినన్ని తాగితే మళ్ళా వదిలిపెడ్తాది. పాలు పొంగుతానే నువ్వు కట్టె వెనక్కి లాగుతావే, అట్ల."

"నన్ను నడుమ ఎవరో ఒగరు పిలుస్తారు, వాళ్ళను కసురుకునేలోగా పాలు పొంగిపోతాయి" అన్నాను.

"ఒంటికి అట్ల పరాకు ఉండదు. నీ మాదిరి ఎవుర్నీ కసురుకోదు" అని నవ్వింది.

మా చిన్నదానికి జ్వరమొచ్చినప్పుడు నేను కంబళి కప్పబోతే లాగేసింది. "వేడి దించుకుంటాంటే మూత పెడ్తావా?" అని, దగ్గరుండి నీళ్ళు తాగించింది. ఆ బిడ్డ ఇప్పుడు నా ముందర ఆడుకుంటోందంటే ఆమె చలవే.

"ఇంత తెలిసినదానివి, పొద్దున్నుంచి నువ్వెందుకు తాగవు?" అని అడిగాను ఒకరోజు.

"తాగితే యాడికి పోవల్ల అక్కా?"

బడి ఊరి బయట ఉంది. చుట్టూ చెట్టన్నది లేని బయలు. మగ పంతుళ్ళు గోడవైపు తిరిగి నిలబడతారు. ఆమె ఇల్లు చేరేదాకా బిగబట్టుకోవాలి. అందుకే బడికి బయలుదేరకముందే నీళ్ళు మానేసేది. దప్పిక ఎందుకు వేస్తుందో పిల్లలకు ఎండిన నాలుకతో చెప్పేది.

మరుగుదొడ్డి కట్టించమని బడి కమిటీ పెద్దను అడగడానికి నేనూ తోడు వెళ్ళాను. "ఒక్క మనిషి కోసరం మరుగు కట్టియ్యాల్నా? ఆడోళ్ళకు ఓర్పుండల్ల పంతులమ్మా" అన్నాడాయన, మజ్జిగ తాగుతూ. కర్నూలు రాజధాని అయిందని అక్కడ సర్కారు కచేరీలకు గుడారాలు లేపారు. ఒక ఆడమనిషికి నాలుగు తడికలు నిలబెట్టలేకపోయారు.

దప్పికను లెక్కచేయనివ్వకపోతే ఒళ్ళు ఎంతకాలమని సర్దుకుంటుంది? దాచుకున్న నీళ్ళూ అయిపోయాక చెమట ఎక్కడి నుంచి వస్తుంది? చెమట లేనిదే వేడి ఎట్లా దిగుతుంది? ఆమె ఒళ్ళు తన పని తప్పలేదు. చివరిదాకా నీళ్ళు అడుగుతూనే ఉంది.

సెలవులయ్యాక బడి తెరిచి సంతాప సభ పెట్టారు. ఆ పెద్దమనిషే లేచి, "పాఠం నడిచేటప్పుడు మంచినీళ్ళకు కూడా లేచిన మనిషి కాదు" అని పొగిడాడు. అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది.

"లేచి యాడికి పోవల్లప్పా?" అన్నాను, కూర్చున్న చోటు నుంచే.

ఆయన నీళ్ళు తెమ్మని కేకేశాడు. కాసేపటికి గ్లాసుల్లో నీళ్ళు తెచ్చి పంచారు. ఆమె చోటుకు కొత్తగా వచ్చిన పంతులమ్మ నా పక్కనే కూర్చుని, కొంగుతో మెడ మీది చెమట తుడుచుకుంటోంది. గ్లాసు అందుకుంది. పెదవుల దాకా తెచ్చింది. కిటికీలోంచి బయటి బయలును ఒకసారి చూసి, తాగకుండా నా చేతికిచ్చింది.