మేయర్ గారి కడుపులో

మా పక్కింటి ఫెన్నా గ్రోనింగెన్ ప్రాంతపు పల్లెల్లో పాడి పశువుల మధ్యే పెరిగి పెద్దదైంది. ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగితే మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగిన మనిషి. మోకాళ్లు అరిగాక పశువులను అమ్మేసి, బడి విడిచాక వీధిలోని పిల్లలను తన ఇంట్లో చూసుకునేది. ఆమె దేనికీ అదరదని మా అందరి నమ్మకం.

ఆ వేసవి చివర పెరట్లో క్యాబేజీ ఆకు మీద దొరికిన గొంగళిపురుగును గాజు సీసాలో వేసి, మూతికి పలచని గుడ్డ కట్టింది. ఆరేళ్ల యెల్తె, వాడి చెల్లెలు ఇల్సె రోజూ ఆకులు వేసేవాళ్లు. ఎప్పుడు చూసినా తింటూనే ఉంటుందని యెల్తె దానికి ‘మేయర్ గారు’ అని పేరు పెట్టాడు.

ఒక మధ్యాహ్నం నేను అక్కడ కాఫీ తాగుతుండగా ఇల్సె అరిచింది.

“అత్తా! మేయర్ గారికి చెమట పడుతోంది!”

చెమట కాదు. పురుగు చర్మం చీల్చుకుని లేత పసుపు పురుగులు ఒకదాని వెంట ఒకటి బయటికి పాకుతున్నాయి. ఫెన్నా ముఖం పాలిపోయింది.

“పిల్లల్ని పెట్టిందా?” ఇల్సె చప్పట్లు కొట్టింది.

“దాని పిల్లలు కావమ్మా,” నేనే చెప్పాను. “చిన్న కందిరీగ ఒకటి దాని ఒంట్లో గుడ్లు పెట్టి పోయింది.”

“అంటే ఇవి లోపల్నుంచి తినేశాయా?” అన్నాడు యెల్తె. “మనం ఆకులు పెడుతున్నప్పుడు కూడానా?”

“అప్పుడు కూడానురా,” అంది ఫెన్నా.

మర్నాడు పొద్దున్నే నా తలుపు బాదింది. “వచ్చి చూడు. అది ఇంకా చావలేదు!”

ఆ పురుగులు పసుపు గూళ్లు కట్టుకున్నాయి. మేయర్ గారు వాటి మీద పడుకుని దారం అల్లుతోంది. సీసా కదిలిస్తే తల ఎత్తి విదిలిస్తోంది.

“తనను తిన్నవాటికే దుప్పటి కప్పుతోంది,” అంది ఫెన్నా.

సాయంత్రం పిల్లల తల్లి హన్నెకె ఇల్సె చెయ్యి పట్టుకుని మండిపడుతూ వచ్చింది. “పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచివి దొరకలేదా? నా కూతురు పొట్ట తడుముకుంటూ ఏడుస్తోంది!”

ఫెన్నా ఇల్సెను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. “నీ పొట్టలో నేను పోసిన పాన్‌కేకులు తప్ప ఇంకేం లేవే.”

“ఒట్టు?”

“ఒట్టు.”

కొన్నాళ్లకు పురుగు చచ్చిపోయింది. గూళ్లలోంచి నల్లటి సన్నని కందిరీగలు వచ్చి గుడ్డకు అతుక్కున్నాయి.

“నలిపేద్దాం అత్తా!” అన్నాడు యెల్తె.

ఫెన్నా సీసా చేతిలోకి తీసుకుంది. తనకూ అదే చెయ్యాలనిపించిందని నాతో తర్వాత చెప్పింది.

“మేయర్ గారు కాపలా కాసినవిరా ఇవి. నా చేతులతో నేను చంపలేను.”

పెరట్లోకి తీసుకెళ్లి గుడ్డ విప్పేసింది.

మరుసటి ఏడు పిల్లలు మళ్లీ ఒక గొంగళిపురుగును తెచ్చారు. ఫెన్నా ఆకులు కోసి ఇచ్చేది గానీ అటు చూసేది కాదు. అది తెల్లని సీతాకోకచిలుకై బయటికొచ్చిన రోజున కూడా, ఇల్సె చెయ్యి పట్టి లాగితేనే వెళ్లింది.